ఇరవై కిలోల లోపు

కూసో ఓదెలూ,
ఆ రాయి మీద గాదు, అదింకా కాలుతుంది.
పొద్దు గూకి గంటైనా
బల్లార్షా రాళ్లకు ఆ ముచ్చట తెల్వదు.
ఇటు రా, వర్ధ నీళ్లల్ల కాళ్లు వెట్టుకొని కూసుందాం.
శెనగలు తెచ్చినవా? ఉల్లిగడ్డ?
ఉప్పు మాత్రం మరిచిపోతవు, ప్రతిసారి.
పోనీ, అంగి నాకినా సరిపాయె,
ఈ మే నెలల మనకు ఉప్పుకేం కరువు.

బబన్ భావు వస్తనన్నడు.
ఆయన డంపరు మధ్యాహ్నం సంది వర్క్‌షాపుల వడి ఉన్నది.
గ్లాసులు రెండే ఉన్నయి,
సీసా మూత ఆయనకు.

మా కాంటా సంగతి అడిగినవు గదా.
ఏముంటది?
ఖాళీ లారి ఎక్కుతది, నిండు లారి ఎక్కుతది,
ఒకదాంట్ల నుంచి ఒకటి తీసేసి చీటీ చింపుత.
పందొమ్మిదేండ్ల సంది తీసివేతలే.
కూడికలు పోశక్క చేస్తది, కిరాణా బుక్కుల.

మొన్న రాత్రి లారీలు బందైనయి.
ఊకె ఉండలేక
నేనే వోయి నిలవడ్డ ఆ ఇనుప పలక మీద.
అరవై అన్నది.
టిఫిను డబ్బా పట్టుకున్న, అరవై.
నీళ్ల క్యాను ఎత్తుకున్న, ఎనభై.
క్యాను దించి గేటుకాడి కుక్కపిల్లను ఎత్తుకున్న,
అరవై.
ఇరవై ఇరవైగనే నడుస్తది అది.
ఇరవై లోపుది దాని లెక్కల లేదు.

అప్పటి సంది అదే సోయి నాకు.
మా చిన్నది పుట్టినప్పుడు రెండు కిలోల నాలుగొందలు,
నర్సమ్మ రెండుసార్లు తూచింది నమ్మక.
అంటే లేనట్టే.
నిరుడు బాయిల నీ రెండు వేళ్లు వోయినయి,
లేనట్టే.
వాటి పైసలు గూడ గట్లనే వచ్చినయి గదా.

పొయ్యి, ఇంకింత.
నీళ్లు ఎక్కువైనయా? కానియ్యి.
సారా బందున్న ఏండ్లు యాదికున్నయా?
రాజురా దాటి, ఇంకా అటు వోయి
తెలంగాణల తాగొచ్చి
మహారాష్ట్రల కక్కేటోనివి.
రెండు రాష్ట్రాలను సమానంగ చూసినోడు
నీ అసొంటి లీడరు మల్ల పుట్టలే.

అగో కొంగ.
పొద్దున తెల్లగ వోయినట్టుండె,
మా కాలనీల ఆరేసిన పంచె లెక్క
బూడిద రంగుల తిరిగొచ్చింది.
పులి తిరుగుతుందట గదా మల్ల, పవర్‌హౌసు గోడెంబడి?
పాపం దానికీ రాత్రి షిఫ్టే.
ఓవర్‌టైం ఎవడియ్యాలె.

వానకాలం చూడాలె నువ్వు మా కాంటా.
లారి మీద బొగ్గు తడుస్తది,
తాగుతది, తాగి కూసుంటది,
టన్ను, టన్నున్నర ఎక్కువే తూగుతది.
దాన్ని ఎవ్వడూ తాగుబోతు అనడు,
ఆ నీళ్లకు గూడ రేటు కట్టిస్తరు.
బొగ్గు తాగితే బరువెక్కుతది, ఓదెలూ,
మనిషి తాగితే తేలికైతడు.
ఎందుకంటవు?
నువ్వు జెప్పవు. శెనగలు నమిలినంతసేపు
నీకు ఏమడిగినా దండుగ.

నవ్వకు, నిజంగనే అడుగుతున్న.
ఇంటికి వోతే పోశక్క అననే అంటది:
పొద్దంత ఊరి బరువు తూస్తవు,
పొద్దూకితె నిన్ను నేను మోయాలె, అని.
దానికి జవాబు దొరకలే ఇప్పటిదాక.
దొరికితె తాగుడు బందు వెడుదు.
అంటే, ఆలోచిద్దు.

అగో, బండి సప్పుడు.
బబన్ భావుదే, హారను సచ్చింది గదా,
సెల్లు లైటు ఊపుతుండు.
"కాయ్ రే, నేను రాకముందే సురూ చేసిన్రా?"
చేతులేంది, కాయితం పొట్లం?

ఉప్పు.

ఎవరు జెప్పిన్రు నీకు?
ఎవరు జెప్పలేదట.
ఓదెలు వస్తుండంటే
దుకాణం ముందు బండి ఆపి కట్టించుకున్నడట.

జరుగు ఓదెలూ, నడుమ కూసోనియ్యి.
గ్లాసు ఆయనకియ్యి,
మూత ఇటు తే.